డ్రమ్ సీడర్ సాగుకు రైతులను మళ్లించడంలో వాట్సాప్ గ్రూపు ఎంతవరకు పనికొస్తుంది: ఒక విస్తరణ కార్యకర్త సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గోదావరి డెల్టాలోని ఒక మండలంలో మీరు రైతు ఉత్పత్తిదారుల సంఘానికి పనిచేస్తున్నారు. నాట్లకు కూలీలు సమయానికి దొరకక, దొరికినా ఆ ఖర్చు భరించలేక ఇబ్బంది పడుతున్న సభ్యులను డ్రమ్ సీడర్‌తో (రంధ్రాలున్న డ్రమ్ముల నుంచి మొలక కట్టిన వరి గింజను వరుసల్లో జారవిడిచే, చేత్తో లాగే యంత్రం) నేరుగా విత్తే పద్ధతికి మళ్లించాలని వాట్సాప్ గ్రూపు పెట్టారు. అందులో నాలుగు వందల మంది ఉన్నారు. వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి వీడియోలు, శాస్త్రవేత్తల ప్రసంగాలు, ఖర్చుల లెక్కలు క్రమం తప్పకుండా పెడుతున్నారు. అందరూ చూస్తున్నారు, బాగుందని గుర్తులు పెడుతున్నారు; కానీ పోయిన పంటకు విత్తినవారు ఐదుగురే, వారిలోనూ ఇద్దరు ఇరవై రోజులు తిరగకముందే చేను దున్నేసి, ఎక్కడి నుంచో నారు తెచ్చి నాట్లు వేసుకున్నారు. గ్రూపును ఇంకా ఎలా నడిపితే ఫలితం ఉంటుందో చెప్పమన్నారు.

డెల్టా జిల్లాల్లో వ్యవసాయ విస్తరణలో, అంటే కొత్త పద్ధతులను రైతులకు చేరవేసే పనిలో, చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో నేను చెప్పేది ఒక్కటే. ఆ ఇద్దరు రైతులు చేను దున్నేసిన రోజుల చుట్టూ మీ గ్రూపును నిర్మించుకోండి. కొత్త పద్ధతి గురించి తెలియకపోవడం వల్ల మీ మండలంలో పని ఆగలేదు. విత్తిన తరువాత మూడు వారాల పాటు రైతుకు కలిగే భయానికి పక్కన ఎవరూ తోడు లేకపోవడం వల్ల ఆగింది. రైతుల మధ్య ఉన్న పరిచయాలను, ఫోన్‌లో ఉన్న గ్రూపును ఆ తోడు కల్పించడానికి వాడుకోవచ్చు. ప్రచారానికి వాడితే మీరు చూసిన ఫలితమే మళ్లీ వస్తుంది.

సమాచారం చేరడానికీ, మనిషి మారడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఎనభై ఏళ్ల కిందటే గమనించారు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సంకర మొక్కజొన్న విత్తనం వ్యాపించిన తీరును రయాన్, గ్రాస్ అనే ఇద్దరు గ్రామీణ సామాజిక శాస్త్రవేత్తలు పరిశీలించి 1943లో ప్రచురించారు. రెండు ప్రాంతాలలో 259 మంది రైతుల వివరాలు సేకరించగా, 1928 నుంచి 1941 వరకు ఇద్దరు తప్ప అందరూ కొత్త విత్తనానికి మారినట్లు తేలింది. ఆ విత్తనం గురించి మొదట ఎవరి ద్వారా విన్నారంటే ఎక్కువమంది విత్తన కంపెనీల అమ్మకందారుల పేరు చెప్పారు. వేయాలనే నిర్ణయానికి ఎవరి మాట పనిచేసిందంటే మాత్రం ఎక్కువమంది పొరుగు రైతుల పేరు చెప్పారు. అప్పుడు కూడా వారు ఒక్కసారిగా పొలమంతా వేయలేదు. మొదటి ఏడాది కొద్ది విస్తీర్ణంలో వేసి, ఆ తరువాతే పెంచుకుంటూ పోయారు. మీరు వీడియోలతో చేస్తున్న పని ఆ అమ్మకందారులు చేసిన పనే. దాని అవసరం ఉంది, కానీ మీ మండలంలో ఆ దశ ఇప్పటికే ముగిసింది.

ఇక్కడ ఒక తేడాను స్పష్టంగా గుర్తించాలి. వరిలో కొత్త రకం వ్యాపించడం వేరు, కొత్త పద్ధతి వ్యాపించడం వేరు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మార్టేరు వరి పరిశోధన స్థానం నుంచి 1982లో విడుదలైన స్వర్ణ రకం ఒడిశా, బెంగాల్ మీదుగా బంగ్లాదేశ్ పొలాల వరకు వెళ్లింది. అందులో చాలా భాగం రైతు నుంచి రైతుకు గింజలు చేతులు మారడం ద్వారానే జరిగింది. ఒక బంధువు ఇంటి నుంచి ఒక బస్తా తెచ్చుకుంటే చాలు, రైతు తనకు తెలిసిన పద్ధతిలోనే నారు పోసి నాటుకుంటాడు. రకానికి ఉన్న బలమంతా గింజతోపాటే వచ్చేస్తుంది. డ్రమ్ సీడర్ విషయంలో యంత్రంతోపాటు వచ్చేది ఏమీ లేదు. చేను చదును చేసే తీరు, విత్తనం మండె కట్టే (నానిన గింజను మూటగట్టి మొలకెత్తించే) తీరు, నీరు పెట్టే తీరు, కలుపు తీసే కాలం, కూలీలతో కుదుర్చుకునే పని, ఇవన్నీ ఒకేసారి మారాలి. ఇలాంటి మార్పుకు ఒక మనిషి సాక్ష్యం చాలదు.

ఈ విషయాన్ని ఆఫ్రికాలోని మలావీ దేశంలో 200 గ్రామాలలో జరిగిన ఒక పరిశోధన చక్కగా చూపింది. వర్షాధార మొక్కజొన్నలో గుంతలు తవ్వి విత్తే పద్ధతిని ఊరికి ఇద్దరు రైతులకు నేర్పి, వారి ద్వారా అది ఎంత దూరం పాకుతుందో కొన్నేళ్లు పరిశీలించారు. ఒక రైతు ఆ పద్ధతిని చేపట్టాలంటే తనకు తెలిసినవారిలో ఒక్కరు కాక, ఒకరికి మించి దానిని పాటిస్తూ ఉండాల్సి వస్తోందని 2021లో ప్రచురితమైన ఆ పరిశోధన తేల్చింది. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరికి నేర్పితే ఎవరి చుట్టూ వారికి ఒక్క సాక్ష్యమే మిగులుతుంది. ఉమ్మడిగా స్నేహితులు, బంధువులు ఉన్న ఇద్దరికి నేర్పితే ఆ ఉమ్మడి వారికి రెండు సాక్ష్యాలు దొరుకుతాయి. మీ ఐదుగురు రైతులు ఐదు ఊళ్లలో ఉన్నారని మీ వివరణను బట్టి అనుకుంటున్నాను. మండలమంతా కనిపించాలని అలా ఎంచుకొని ఉంటారు. అధికారిక నివేదికలకు అది బాగుంటుంది, రైతులకు మాత్రం ఊరికొక ఒంటరి మనిషిగా మిగిలిపోవాల్సి వస్తుంది.

కాబట్టి వచ్చే పంటకు ఊళ్ల సంఖ్య తగ్గించి, ఒక్క ఊరిలో, వీలైతే ఒకే పిల్ల కాల్వ కింద, గట్టుకు గట్టు ఆనుకొని ఉన్న పది పన్నెండు మంది రైతులతో మొదలుపెట్టండి. ఇది మనుషుల పరిచయాల కోసం మాత్రమే చెబుతున్న మాట కాదు. నేరుగా విత్తిన చేనులో మొదటి రెండు వారాలు నీరు నిలవకూడదు, తడి మాత్రమే ఉండాలి. చుట్టూ నాట్లకు దమ్ము చేసి (బురదగా దున్ని) నీరు నిలగట్టిన మడుల మధ్య ఒక్క చేను ఇలా ఉంటే పక్క గట్ల నుంచి ఊట దిగి గింజ కుళ్లిపోతుంది. పిట్టలు కూడా ఆ ఊరిలో బయట కనిపించే గింజ ఉన్న ఒకే ఒక్క చేను మీద వాలతాయి. అదే ముప్పై నలభై ఎకరాల చెక్క అంతా రెండు మూడు రోజుల తేడాలో విత్తితే నీటి వంతు మాట్లాడుకోవడం సులువవుతుంది, పక్షుల నష్టం పంచుకున్నట్లవుతుంది, కాపలా ఒకరే ఉన్నా సరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పొద్దున గట్టు మీదకు వెళ్లిన రైతుకు తన చేను లాంటి చేను పక్కనే మరొకటి కనిపిస్తుంది.

ఏ పంటకు మొదలుపెట్టాలన్నది కూడా మీ చేతుల్లో ఉన్న నిర్ణయమే. డెల్టా పల్లపు భూముల్లో సార్వాకు (ఖరీఫ్‌కు) విత్తిన రెండో రోజే గట్టి వాన పడితే గింజ కొట్టుకుపోతుంది. మొదటిసారి చేసేవారికి దాళ్వా (రబీ) అనుకూలం. అయితే చేనులోనే మొలక నుంచి పెరుగుతుంది కనుక నాట్లు వేసిన చేను కంటే ప్రధాన పొలంలో పైరు ఎక్కువ రోజులు ఉంటుంది. కాల్వలకు నీరు ఆపేసే తేదీని ముందుగా తెలుసుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసి విత్తే తేదీ నిర్ణయించుకోవాలి. కాటన్‌దొర సన్నాలు వంటి స్వల్పకాలిక రకాలు ఇందుకు సరిపోతాయి.

ఇక ఆ పది పన్నెండు మంది ఎవరన్న ప్రశ్న. ఇలాంటి పనులకు మనం సాధారణంగా ఊరి పెద్దనో, ఆదర్శ రైతు పురస్కారం వచ్చిన వారినో ఎంచుకుంటాం. వారి చేను బాగా పండితే చూసినవారు, ఆయనకేం, మోటారు ఉంది, మనుషులు ఉన్నారు, తట్టుకోగలడు, అంటారు. ఆ పంటను తమకు సాక్ష్యంగా తీసుకోరు. కర్ణాటకలో 213 గ్రామాలలో ఆర్థికవేత్తలు చేసిన ఒక ప్రయోగాన్ని ఇక్కడ గుర్తు చేయాలి. ఒక సమాచారం ఊరంతా తెలియాలంటే ఎవరికి చెప్పాలని ఊరివారినే అడిగి, వారు చెప్పిన వ్యక్తులకు చెప్పినప్పుడు, ఊరి పెద్దలకు చెప్పినప్పటి కంటే ఆ సమాచారం ఎక్కువమందికి చేరింది. తమ ఊరిలో మాట ఎవరి ద్వారా నడుస్తుందో సామాన్యులకు బాగా తెలుసు, మనం అడగాలి అంతే. మీరు కూడా ఊరిలో ఇరవై ముప్పై మందిని విడివిడిగా కలిసి, పైరు ఆకు పసుపు రంగుకు తిరిగితే ముందుగా ఎవరిని అడుగుతారని ప్రశ్నించండి. అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. వారిలో కనీసం సగం మంది చిన్న రైతులు, కౌలు రైతులు అయి ఉండేలా చూడండి.

కౌలు రైతుల విషయంలో ఒక్క మాట. డెల్టాలో సాగులో పెద్ద భాగం వారిదే. వారు బస్తాల లెక్కన స్థిరమైన కౌలు కట్టాలి కనుక, దిగుబడి తగ్గినా కౌలు తగ్గదు. పొలం వచ్చే ఏడాది తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి చదును కోసం డబ్బు పెట్టడానికి వెనుకాడటం సహజం. అందువల్ల వారితో మాట్లాడేటప్పుడు భూ యజమానిని కూడా కూర్చోబెట్టి, చదును ఖర్చు ఎవరిదన్నది ముందే తేల్చాలి. ఇది గ్రూపులో రాసి తేల్చే సంగతి కాదు, ఇంటికి వెళ్లి మాట్లాడవలసినది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విత్తిన రోజు నుంచి ఇరవై అయిదో రోజు వరకు రైతుకు ఏం జరుగుతుందో ఒకసారి వరుసగా ఊహించండి. విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు మండె కట్టి, ముక్కు పగిలిన గింజను డ్రమ్ములలో మూడింట రెండు వంతులు మించకుండా పోసి లాగుతారు. మొలక పొడవైతే రంధ్రాలలో ఇరుక్కొని వరుసలో గింజ పడదు. ఈ సంగతి అప్పటికప్పుడు కనిపించదు, వారం తరువాత ఖాళీ చారలుగా బయటపడుతుంది. అయిదో రోజుకు చేనంతా బురదే కనిపిస్తుంది. పదో రోజుకు సన్నని పచ్చ గీతలు తేలతాయి, కానీ పక్క చేనులో నాట్లు వేస్తే అది అప్పటికే నిండుగా ఉంటుంది. దారిన పోయేవారు ఆగి, ఇదేంటి, మొలవలేదా అని అడుగుతారు. పదిహేనో రోజుకు ఊద, తుంగ వంటి కలుపు మొక్కలు పైకి లేస్తాయి. వరి ఏదో ఊద ఏదో తేడా తెలియని దశ అది. ఇంట్లో వారు, మామగారు, బావమరిది, అందరూ ఒకే మాట అంటారు: ఇంకా ఆలస్యం కాలేదు, దున్నేసి నాట్లు వేయి. మీ ఇద్దరు రైతులు ఆ రోజుల్లోనే వెనక్కి తగ్గారు. పన్నెండో రోజున చేను పలచగా కనిపించడం సహజమనీ, నెల రోజులకు పిలకలు తొడిగి వరుసలు కమ్ముకుంటాయనీ వారికి మీరు ముందే చెప్పి ఉంటారు. కానీ అది వారు కళ్లారా చూసినది కాదు.

అందుకని ఆ నాలుగు వందల మంది గ్రూపును అలాగే ఉంచి, విత్తేవారి కోసం విడిగా ఒక చిన్న గ్రూపు పెట్టండి. అందులో ఆ పది పన్నెండు మంది, పోయిన పంటకు దున్నకుండా నిలబడిన ముగ్గురు, డ్రమ్ సీడర్ లాగే మనిషి, మీరు, రైతులకు సలహాలిచ్చే కృషి విజ్ఞాన కేంద్రం లేదా ఏరువాక కేంద్రం నుంచి ఒక శాస్త్రవేత్త ఉంటే చాలు. నాయకులను, పత్రికా విలేకరులను, కంపెనీ ప్రతినిధులను చేర్చకండి. పెద్ద గ్రూపులో నాలుగు వందల మంది చూస్తుండగా, నా చేను మొలవలేదు అని రాయడానికి ఏ రైతూ ఇష్టపడడు. పదిహేను మంది ఉన్నచోట, అందరూ అదే స్థితిలో ఉన్నచోట, అడుగుతాడు. రాయడం రానివారు, రాయడానికి బద్ధకించేవారు ఎక్కువగా ఉంటారు కనుక గొంతు సందేశాలే ప్రధానమని మొదటి రోజే చెప్పండి. మీరు కూడా గొంతుతోనే జవాబివ్వండి.

ఆ ముగ్గురు రైతుల చేల ఫొటోలు మీ దగ్గర ఉంటే అవే మీకున్న అతి విలువైన వస్తువు. అయిదో రోజు, పదో రోజు, పదిహేనో రోజు, ఇరవై అయిదో రోజు, నలభయ్యో రోజు ఒకే చేను ఎలా ఉందో, ఎవరి చేనో, ఏ ఊరి ఏ కాల్వ కిందో పేరుతో సహా, కొత్త రైతు చేను ఆ రోజుకు చేరిన ఉదయం పెట్టాలి. పదో రోజు ఫొటో పదో రోజునే రావాలి. విత్తక ముందు పెడితే ఎవరూ గుర్తు పెట్టుకోరు, ఇరవయ్యో రోజున పెడితే అప్పటికే ట్రాక్టర్ చేనులో దిగి ఉంటుంది. ఫొటో కింద ఆ పాత రైతు గొంతులోనే రెండు మాటలు ఉంటే ఇంకా మంచిది: నాకూ అప్పుడు ఇలాగే అనిపించింది, ఫలానా రోజు నీరు పెట్టాను, ఫలానా రోజు మందు కొట్టాను. మీ గొంతు కంటే ఆ గొంతు బలమైనది. పోయిన పంట ఫొటోలు లేకపోతే ఈసారి తీసి దాచండి, రెండో ఏడాదికి ఉపయోగపడతాయి.

కలుపు మందు విషయంలో ఈ గ్రూపు నేరుగా పంటను కాపాడగలదు. విత్తిన 3 నుంచి 5 రోజుల లోపు వేసే ప్రెటిలాక్లోర్ మందులో సేఫ్‌నర్ (వరి మొలకకు మందు దెబ్బ తగలకుండా కాపాడే పదార్థం) కలిసినదే వాడాలి. నాట్లకు వాడే మామూలు ప్రెటిలాక్లోర్‌ను మొలక మీద వేస్తే కలుపుతోపాటు వరి కూడా దెబ్బతింటుంది. దుకాణంలో రెండు సీసాల పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. కొనేముందు సీసా మీది కాగితాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టడాన్ని నియమంగా చేయండి. శాస్త్రవేత్త చూసి సరే అన్నాకే డబ్బు కట్టాలి. అలాగే 15 నుంచి 20 రోజుల మధ్య, కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉన్నప్పుడు, నీరు తీసేసి బిస్‌పైరిబాక్ సోడియం పిచికారీ చేయాలి. ఆ దశ దాటితే కలుపు మందుకు లొంగదు, మనుషులను పెట్టి తీయించాలి, అప్పుడు ఆదా చేసిన నాట్ల ఖర్చంతా కలుపు కూలికే పోతుంది. ఏ రైతు చేను ఏ తేదీన ఆ దశకు వస్తుందో మీ దగ్గర పట్టిక ఉండాలి. రెండు రోజుల ముందు అందరికీ ఒకే సందేశం కాకుండా, ఎవరి తేదీ వారికి, పేరు పెట్టి పిలిచి చెప్పాలి. మోతాదును శాస్త్రవేత్త ఒకసారి రాసి పెడితే దానిని గ్రూపు పైభాగాన కదలకుండా నిలిపి ఉంచండి. రకరకాల మోతాదులు చేతులు మారి రావడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు.

పన్నెండో రోజు చుట్టూ ఒక పొద్దున అందరినీ చెక్క మీదకు తీసుకెళ్లి, ఒకరి చేనులో ఒకరు నడిచేలా చేయండి. ఫోన్‌తో అయ్యే పని ఇక్కడితో ఆగుతుంది. తన చేను ఒక్కటే పాడైందనుకుంటున్న మనిషి పది చేలు అలాగే ఉన్నాయని చూస్తే, ఆ సాయంత్రం ఇంట్లో వచ్చే ఒత్తిడికి జవాబు చెప్పగలుగుతాడు.

కొన్ని చేలు నిజంగానే విఫలమవుతాయి. చదును సరిగా లేక ఒక మూల గింజ కుళ్లిపోయి ఉంటుంది, లేదా కలుపు చేయి దాటి ఉంటుంది. దీనిని దాచాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఊరిలో చేను దాగదు. ఎవరి చేను ఎందుకు పోయిందో కారణంతో సహా చిన్న గ్రూపులో మాట్లాడుకుంటే, తక్కినవారికి అది తమ చేనుకు జరగకుండా చూసుకునే అవకాశం వస్తుంది. కారణం చెప్పకుండా వదిలేస్తే, పద్ధతే పనికిరాదన్న ఒక్క మాట మిగులుతుంది, ఆ మాట నాలుగు ఊళ్లు దాటి వెళుతుంది. ఆ రైతుకు జరిగిన నష్టంలో మీ సంఘం కొంత భరించగలిగితే, ఉదాహరణకు మళ్లీ నాటుకోవడానికి నారు ఇప్పించగలిగితే, తప్పకుండా చేయండి. మొదటి ఏడాది ముందుకు వచ్చినవారు ఊరందరి కోసం ప్రయోగం చేస్తున్నారు. ఆ ప్రయోగం ఖర్చు వారి నెత్తిన మాత్రమే వేయడం న్యాయం కాదు. ఈ హామీని విత్తక ముందే చెప్పాలి.

మీరు ప్రశ్నలో ఎక్కడా ప్రస్తావించని ఒక వర్గం ఉంది: నాట్లు వేసే కూలీలు. 2003 ఖరీఫ్ నుంచి మన రాష్ట్రంలో శ్రీ వరి సాగుకు ఎంతో ప్రచారం జరిగింది. పత్రికలు, ఆకాశవాణి, క్షేత్ర ప్రదర్శనలు, సబ్సిడీలు, ఏదీ తక్కువ కాలేదు. ఎకరానికి 2 కిలోల విత్తనం, 8 నుంచి 12 రోజుల లేత నారు, 25 సెంటీమీటర్ల దూరంలో ఒక్కొక్క మొక్క, కోనో వీడర్ అనే చేతి యంత్రంతో కలుపు తీత, అన్నీ రైతులకు కంఠతా వచ్చాయి. అయినా చాలా ఊళ్లలో రెండు మూడేళ్లకే వదిలేశారు. కారణాలు అనేకం ఉన్నా, నేను చూసినంతలో ముఖ్యమైనది, శిక్షణ అంతా రైతుకు ఇచ్చి, చేనులో నిజంగా నాటే ఆడవారికి ఇవ్వకపోవడం. అలవాటులేని పద్ధతిలో వంగి, గీత చూసి, లేత మొక్కను విడిగా నాటాలంటే పని నెమ్మదిస్తుంది, ఎకరం లెక్కన ఒప్పుకున్న కూలీల ముఠాకు రోజు కూలి గిట్టదు. వారు ఇక పనికి రామన్నారు, రైతు పాత పద్ధతికి వెళ్లిపోయాడు.

డ్రమ్ సీడర్ విషయంలో వారి నష్టం ఇంకా నేరుగా ఉంది, వారి పనే పోతోంది. పైగా ఊరిలో అన్ని చేలలో తిరిగేది ఆ ముఠాలే కనుక, ఎవరి చేను మొలవలేదో మొదట తెలిసేది, మొదట చెప్పేది వారే. వారిని పక్కన పెట్టి మీరు ఎన్ని గ్రూపులు పెట్టినా వారి మాటే ముందు చేరుతుంది. విత్తక ముందే ముఠా మేస్త్రితో కూర్చోండి. యంత్రం లాగే పని, ఖాళీలలో మొక్కలు సర్దే పని, ఇరవై అయిదు రోజులకు చేతితో తీసే కలుపు పని, వీటిని ఒక ధరకు వారికే ఒప్పజెప్పగలిగితే వారు మీతో ఉంటారు. ఇద్దరు మనుషులు రోజుకు రెండు ఎకరాలకు తగ్గకుండా విత్తగలరు. యంత్రాన్ని సంఘం కొని ఆ ఆడవారికే అద్దెకు అప్పగిస్తే వారికి ఆదాయం, మీకు నైపుణ్యం ఉన్న చేతులు దొరుకుతాయి. మహిళా స్వయం సహాయక సంఘాల గ్రామ సంఘం, మండల సమాఖ్య ద్వారా ఈ మాట కదిలించడం సులువు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం ఊరూరా పాకడానికి స్వయం సహాయక సంఘాలే దారి చూపాయన్నది మీకు తెలిసిన విషయమే. ఆ అల్లిక ఏ ఫోన్ గ్రూపుకంటే పాతది, గట్టిది. అదీ కాక, దేశంలో తమ సొంత వాడకానికి ఫోన్ ఉన్న మహిళలు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి సుమారు 54 శాతమే. ఫోన్‌ను మాత్రమే నమ్ముకుంటే సగం చేతులు మన లెక్కలోకి రావు.

ఎరువుల దుకాణదారుడిని కూడా మరచిపోకండి. 2003లో జాతీయ నమూనా సర్వే సంస్థ రైతు కుటుంబాలను అడిగినప్పుడు, సాగు సమాచారం తోటి అభ్యుదయ రైతుల నుంచి పొందుతున్నామని 16.7 శాతం, దుకాణదారుల నుంచి పొందుతున్నామని 13.1 శాతం చెప్పగా, విస్తరణ సిబ్బంది నుంచి అన్నవారు 5.7 శాతమే. ఆ పరిస్థితి ఇప్పటికీ తలకిందులు కాలేదని ఏ సాయంత్రమైనా దుకాణం ముందు నిలబడితే అర్థమవుతుంది. దుకాణదారుల కోసం హైదరాబాద్‌లోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ) ఏడాది కాలపు డిప్లొమా నడుపుతోంది. మీ ఊరి దుకాణదారుడు అది చేసి ఉంటే సగం పని తేలిక. చేయకపోయినా, సేఫ్‌నర్ ఉన్న మందు ఎన్ని ఎకరాలకు ఏ తేదీకి కావాలో నెల ముందే చెప్పి తెప్పించమని అడగండి. సరుకు దగ్గర లేకపోతే అతడు తన దగ్గర ఉన్నదే ఇస్తాడు.

వీడియోల గురించి కొద్దిగా. మానేయమని నేను అనడం లేదు. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో మొదలై తరువాత విడి సంస్థగా ఏర్పడిన డిజిటల్ గ్రీన్ వారు స్థానిక రైతులతోనే వీడియోలు తీసి, చిన్న బృందాలకు చూపించి, మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగించే పద్ధతి పాటించారు. చూసేవారు తెరమీది రైతు తమలాంటివాడేనా, ఏ ఊరివాడు అన్నది మొదట గమనిస్తారు. విశ్వవిద్యాలయం వారి వీడియోలో చేను అద్దంలా చదునుగా ఉంటుంది. మీ రైతు చేను అలా ఉండదు. మీ ఊరి చేనులో, మీ ఊరి యాసలో, ఫోన్‌తో తీసిన మూడు నిమిషాల వీడియోను, రైతు సేవా కేంద్రంలో పది మందిని కూర్చోబెట్టి చూపించండి. ఎవరైనా అడ్డు తగిలి ప్రశ్న వేస్తే అక్కడే ఆపండి.

కోతలయ్యాక నాలుగు వందల మంది గ్రూపు మళ్లీ పనికొస్తుంది. అప్పుడు మీరు పెట్టవలసినది ఒక్క పట్టిక: ఆ పది పన్నెండు మందిలో ఒక్కొక్కరికి విత్తనం, దమ్ము, చదును, మందు, కలుపు కూలి ఎంతయింది, ఎన్ని బస్తాలు వచ్చాయి, పక్కనే నాట్లు వేసిన చేనుకు ఎంతయింది, ఎన్ని వచ్చాయి. వారి అనుమతితో, వారి పేర్లతో, నష్టపోయినవారి లెక్క కూడా కలిపి పెట్టండి. దిగుబడి సమానంగా ఉండి ఖర్చు తగ్గితే ఆ మాటే చెప్పండి, దిగుబడి పెరుగుతుందని ఆశ పెట్టకండి. ఆ పట్టిక చూసి ఫోన్ చేసేవారి పేర్లు రాసుకొని, వారిలో ఒకే కాల్వ కింద ఉన్నవారిని కలిపి రెండో ఏడాది చెక్కను ఎంచుకోండి. మొదటి ఏడాది విత్తినవారిలో ఇద్దరిని ఆ కొత్త చిన్న గ్రూపుకు బాధ్యులుగా పెట్టి, వారు ఫోన్ మీద, గట్టు మీద వెచ్చించే సమయానికి సంఘం నుంచి నెలకు ఇంతని ఇవ్వండి. పల్లెల్లో తోటి రైతుకు నేర్పే పని ఊరికే జరగాలని మనం ఆశిస్తాం; మలావీలోనే జరిగిన మరో పరిశోధనలో, నేర్పే రైతులకు చిన్న ప్రతిఫలం ఇచ్చినప్పుడే వారు శ్రద్ధగా నేర్పారని, తోటివారు ఎక్కువగా చేపట్టారని తేలింది. మీ సంఘం వార్షిక బడ్జెట్ ఇంకా ఆమోదం పొందకపోతే ఆ పద్దును ఇప్పుడే చేర్పించండి.